కంచం వేరు, బ్లేడు ఒకటే



ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి పాజిటివ్ అని తేలితే మొట్టమొదట వేరయ్యేది కంచం. ఆ తర్వాత గ్లాసు, దుప్పటి, తువ్వాలు. కొన్ని ఇళ్లల్లో చంటిపిల్లను ఎత్తుకోనివ్వరు, వంటింట్లోకి రానివ్వరు. ప్రేమ లేక కాదు, జాగ్రత్త అనుకునే చేస్తారు. అదే ఇంట్లో స్నానాల గది గూట్లో ఉన్న గడ్డం బ్లేడును మాత్రం తండ్రీ కొడుకులిద్దరూ వాడుతూనే ఉంటారు. పిల్లవాడి కాల్లో ముల్లు దిగితే అమ్మ పుస్తెలతాడుకు తగిలించుకున్న పిన్నీసు తీస్తుంది. మర్నాడు ఇంకొకరి కాల్లో ముల్లుకూ అదే పిన్నీసు. షుగరున్న తాతగారూ నాయనమ్మా ఒకే సూదితో వేలు గుచ్చుకుని రక్తం చుక్క చూసుకుంటారు. మొగుడూ పెళ్లాలం, మనలో మనకేమిటి అంటారు.

ఈ వైరస్ ఉండేది రక్తంలో, శరీర స్రావాల్లో. ఒకే కంచంలో తిన్నందుకు రాదు. దగ్గినా తుమ్మినా రాదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం కలిపి ముద్దలు పెట్టినా రాదు. కానీ బ్లేడు అంచున, సూది మొన మీద ఎండిపోయిన రక్తంలో కనీసం ఏడు రోజులు చావకుండా ఉండగలదు. ఆ మరక కంటికి కనిపించాల్సిన పని కూడా లేదు. టూత్‌బ్రష్ చిగుళ్లను గీరుతుంది, నెయిల్ కట్టర్ గోటి పక్కన తోలును తెంపుతుంది, వైరస్‌కు ఆ మాత్రం చాలు. భయపడాల్సిన చోట ధీమాగా ఉండి, భయపడనక్కర్లేని చోట ఒక మనిషిని వేరుగా కూర్చోబెట్టడం చూసినప్పుడల్లా నా మనసుకు కష్టంగా ఉంటుంది. బ్లేడు, బ్రష్షు, నెయిల్ కట్టర్, సూది, ఇవి ఎవరివి వాళ్లకు ఉండాలి. మనిషిని వేరు చేయాల్సిన అవసరం ఎప్పుడూ లేదు.

అసలు ఈ సంగతి ఇంట్లో ఎలా బయటపడుతుందో చూడండి. కళ్లు పచ్చబడి డాక్టరు దగ్గరికి వెళ్తే తెలిసేది తక్కువ. వేరే పని మీద వెళ్లినప్పుడు తెలిసేదే ఎక్కువ. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచో, కోనసీమ, కడప వైపు నుంచో గల్ఫ్‌కు బయల్దేరిన కుర్రవాడు మెడికల్‌కు వెళ్తాడు. అప్పటికే అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టి ఉంటాడు. రిపోర్టులో అన్‌ఫిట్ అని వస్తుంది. ఒంట్లో ఏ బాధా లేదు, నిన్నటిదాకా సిమెంటు బస్తాలు మోసినవాడు. రక్తదానం చేసి వచ్చిన కొన్నాళ్లకు ఇంకొకరికి బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. ఒక పెద్దావిడకు కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షలో తేలుతుంది. ఒక అమ్మాయికి కడుపుతో ఉన్నప్పుడు తేలుతుంది.

ఆ కాగితాన్ని చాలామంది మడిచి బీరువాలో చీరల కింద పెట్టేస్తారు. పెళ్లి కావాల్సిన చెల్లెలు ఉంటుంది. ఊళ్లో పరువు ఉంటుంది. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అయినా నేను చెప్పేది ఒకటే. ఆ కాగితం మీద పేరు ఒకరిదే ఉన్నా అది ఇంటిల్లిపాదికీ సంబంధించిన కాగితం. దాన్ని దాచిపెడితే నష్టపోయేది ముందుగా ఆ చెల్లెలే. అన్నకు వచ్చిన దారిలోనే ఆమెకూ వచ్చి ఉండవచ్చు. లేదా ఇంకా రాకపోయి ఉండవచ్చు, అప్పుడు మూడు టీకాలతో ఆమెను జీవితమంతా కాపాడవచ్చు. ఈ రెండింట్లో ఏదో తెలియాలంటే కాగితం బీరువాలోంచి బయటికి రావాలి.

"మా నాన్న లివరు చెడిపోయి పోయాడండీ. మా పెదనాన్నా అంతే. మందు ముట్టని మనుషులు. మా వంశంలోనే ఉంది." ఈ మాట ఆసుపత్రి వరండాల్లో ఎన్నోసార్లు వినిపిస్తుంది. ఆ మాట అనేవాళ్లను తప్పు పట్టలేం. ఈ వైరస్‌ను కనిపెట్టిన మహానుభావుడికే మొదట అలా కనిపించింది.

ఆయన అమెరికాకు చెందిన బరూచ్ బ్లంబర్గ్. ఆయన వెతుకుతున్నది కామెర్ల కారణం కాదు. మనుషుల రక్తంలోని ప్రోటీన్లు జాతికీ జాతికీ, కుటుంబానికీ కుటుంబానికీ ఎందుకు మారతాయో తెలుసుకోవడానికి దేశదేశాల నుంచి రక్తం నమూనాలు తెప్పించుకుని పరీక్షిస్తున్నారు. ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో అంతకుముందు ఎవరూ చూడని పదార్థం ఒకటి కనిపించింది. దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టి 1965లో ప్రకటించారు. అది కొన్ని కుటుంబాల్లో గుంపుగా కనిపిస్తోంది, కొన్నింట్లో అసలు లేదు. సహజంగానే ఇది తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో దిగివచ్చే లక్షణం కాబోలు అనుకున్నారు. కానీ పుట్టుకతో వచ్చేది పుట్టిన రోజు నుంచీ ఉండాలి కదా! అంతకుముందు పరీక్షలో ఆ పదార్థం లేని ఒక రోగికి మళ్లీ చూస్తే ఉంది, ఈలోగా అతని కాలేయం వాచింది. తర్వాత ఆ ప్రయోగశాలలోనే పనిచేసే యువతికి నలతగా ఉంటే తన రక్తాన్ని తానే పరీక్షించుకుంది. ఆమెకూ పాజిటివ్ వచ్చింది, వెనకే కామెర్లు వచ్చాయి. అప్పటికి గుట్టు విడిపోయింది. అది వారసత్వం కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్ తాలూకు తొడుగు. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పుట్టినరోజు జులై 28. ఆ రోజునే ఇప్పుడు ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు.

వంశంలో ఉన్న లక్షణాన్ని మనం మార్చలేం. వంశంలో తిరుగుతున్న వైరస్‌ను ఒక తరంలో ఆపేయవచ్చు. అందుకే ఈ తేడా ఇంత పట్టుపట్టి చెబుతున్నాను.

వైరస్ ఒక తరం నుంచి ఇంకో తరానికి దాటే ముఖ్యమైన ఘడియ ఒకటుంది, అది కాన్పు. తల్లి రక్తంలో వైరస్ ఉద్ధృతంగా ఉంటే, బిడ్డకు ఏ రక్షణా ఇవ్వకపోతే, అలాంటి పదిమంది బిడ్డల్లో ఏడు నుంచి తొమ్మిదిమందికి సోకుతుంది. ఇక్కడే వయసుకున్న ప్రాధాన్యం తెలుసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఈ వైరస్ సోకితే నూటికి తొంభై అయిదుమందికి పైగా ఆరునెలల్లో శరీరమే దాన్ని తరిమేస్తుంది. పుట్టినప్పుడో మొదటి ఏడాదిలోనో సోకితే లెక్క తలకిందులవుతుంది. నూటికి తొంభైమందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. పసికందు ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపట్టదు. యుద్ధం జరగదు కాబట్టి జ్వరం రాదు, కళ్లు పచ్చబడవు. బిడ్డ బొద్దుగా పెరుగుతుంది, బడికి వెళ్తుంది, పెళ్లవుతుంది. ముప్ఫై నలభై ఏళ్లు దాటాక కొందరికి కడుపులో నీరు చేరుతుంది, కొందరికి లివర్‌లో గడ్డ కనిపిస్తుంది. అప్పటికి తల్లి ఉండకపోవచ్చు. ఎక్కడ మొదలైందో ఎవరికీ గుర్తుండదు.

ఈ గొలుసును స్పష్టంగా విప్పిచూపిన చోటు తైవాన్. అక్కడ ఎన్నో ఇళ్ల కథ ఇదే. 1970లలో పామర్ బీస్లీ అనే వైద్యుడు, ఆయన సహచరులు తైపేలో గర్భిణులను, పుట్టిన బిడ్డలను వరుసగా పరిశీలించి తల్లి నుంచి బిడ్డకు ఎంత బలంగా దాటుతోందో చూపించారు. తర్వాత 22,707 మంది ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించి, వైరస్ ఉన్నవాళ్లకు లివర్ క్యాన్సర్ వచ్చే ప్రమాదం లేనివాళ్లకంటే రెండు వందల రెట్లు ఎక్కువని 1981లో ప్రకటించారు. అంతటి స్పష్టమైన లెక్క చూశాక ఆ ప్రభుత్వం ఊరుకోలేదు. 1984లో పాజిటివ్ తల్లుల బిడ్డలకు, రెండేళ్లకల్లా పుట్టిన ప్రతి బిడ్డకూ టీకా మొదలుపెట్టింది. టీకా మొదలైన ఏడాది తైపే పిల్లల్లో నూటికి దాదాపు పదిమందికి వైరస్ ఉండేది. పదేళ్లకు అది నూటికి ఒకరికి దిగింది. పిల్లల్లో లివర్ క్యాన్సర్ కూడా సగానికి తగ్గింది. క్యాన్సర్‌ను టీకాతో తగ్గించవచ్చని లోకానికి మొదట తెలిసింది అక్కడే.

మన దగ్గర ఆ టీకా చాలాకాలం విదేశాల నుంచే వచ్చేది. మధ్యతరగతివాళ్లు కూడా ధర అడిగి వెనక్కి తిరిగేంత ఖరీదు. ఇంట్లో నలుగురుంటే మూడేసి డోసుల చొప్పున పన్నెండు, ఎవరు వేయించగలరు? దాన్ని మనమే తయారు చేద్దామని పట్టుబట్టినవారు నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డిగారు. హైదరాబాద్‌లో ఆయన స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో శాన్వాక్ బి పేరుతో టీకా విడుదల చేసింది. జన్యు ఇంజనీరింగ్‌తో మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన మొదటి టీకా అది. ధరలు నేలకు దిగాయి. పదేళ్ల తర్వాత, 2007-08లో ప్రభుత్వం ఈ టీకాను పది రాష్ట్రాల పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2011 నాటికి దేశమంతా అందింది.

ఆ సంవత్సరాలు ఒకసారి మీ ఇంటికి అన్వయించి చూసుకోండి. మీ ఇంట్లో బడికి వెళ్లే పిల్లలకు అంగన్‌వాడీలోనో సబ్‌సెంటర్‌లోనో టీకా పడి ఉంటుంది. ఇప్పుడు పెళ్లిళ్లు చేసుకుంటున్నవాళ్లు, పిల్లల్ని కంటున్నవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ఆ కార్యక్రమం రాకముందు పుట్టినవాళ్లు. ఎవరైనా సొంతంగా వేయించుకుని ఉంటే తప్ప వాళ్లలో చాలామందికి ఆ రక్షణ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు మూడు కోట్లమందికి హెపటైటిస్ బి ఉంది. వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు.

ఇక్కడ కోడళ్ల గురించి ఒక మాట చెప్పాలి. కడుపుతో ఉన్న అమ్మాయికి ఆసుపత్రిలో ఈ పరీక్ష చేస్తారు, చేయాలి కూడా. పాజిటివ్ వస్తుంది. "పుట్టింటి నుంచి జబ్బు మోసుకొచ్చింది" అన్న మాట ఆ సాయంత్రానికే ఇంట్లో వినిపిస్తుంది. అయ్యా, అమ్మా, ఒక్కసారి ఆలోచించండి. ఆ ఇంట్లో పరీక్ష చేయించుకున్నది ఆమె ఒక్కతే కాబట్టి తేలింది ఆమె ఒక్కదానికే. భర్తకు చేశారా? అత్తగారికి చేశారా? ఆమెకు తన తల్లి కాన్పులో వచ్చి ఉండవచ్చు, చిన్నప్పుడు జ్వరానికి మరగబెట్టని సూదితో వేసిన ఇంజక్షన్ వల్ల వచ్చి ఉండవచ్చు, భర్త నుంచే వచ్చి ఉండవచ్చు. ఏ దారిన వచ్చినా అందులో ఆమె చేసిన నేరం ఏమీ లేదు. నడవడికకు ముడిపెట్టి మాట్లాడేవాళ్లున్నారు. అలా మాట్లాడితే ఆ అమ్మాయి తర్వాతి కాన్పుకు రిపోర్టు దాచేస్తుంది. ఆ దాచిన రిపోర్టుకు మూల్యం మీ మనవడో మనవరాలో చెల్లిస్తారు.

ఆమెకు నిజంగా కావలసింది వేరే. వైరస్ ఎంత ఉందో చూసే రక్తపరీక్ష చేయిస్తారు. ఎక్కువ ఉంటే ఏడో నెల నుంచి టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు, దానితో వైరస్ బాగా తగ్గి బిడ్డకు దాటే ముప్పు తగ్గిపోతుంది. దీనికోసమని సిజేరియన్ అక్కర్లేదు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు, వీలైతే మొదటి పన్నెండు గంటల్లోనే ఒక తొడకు టీకా, ఇంకో తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజక్షన్ వేయాలి. ఈ ఇమ్యునోగ్లోబ్యులిన్ అన్ని ఆసుపత్రుల్లోనూ అడగ్గానే దొరకదు. అందుకే ఎనిమిదో నెలలోనే "మా అమ్మాయికి పాజిటివ్ ఉంది, బిడ్డకు వేయాల్సిన ఇంజక్షన్ సిద్ధంగా ఉంటుందా?" అని అడిగి పెట్టుకోండి. అర్ధరాత్రి కాన్పయ్యాక వెతుక్కుంటే పుణ్యకాలం గడిచిపోతుంది. ఒకవేళ అది దొరకకపోయినా టీకా మాత్రం ఆపకూడదు. ఆ తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు అందరి పిల్లలతో పాటే టీకాలు. తల్లిపాలు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. పాలు మాన్పించి డబ్బా పాలు పట్టించమని ఎవరు చెప్పినా వినకండి. తొమ్మిది నెలలు నిండాక, ఏడాదిలోపు బిడ్డకు రక్తపరీక్ష చేయిస్తే రక్షణ ఏర్పడిందో లేదో తేలిపోతుంది.

ఇక ఇంట్లో ఒకరికి కామెర్లు రాగానే, వారం తిరక్కుండా ఇంకో ఇద్దరికి వస్తే, "అంటుకుంది" అంటారు. అది సాధారణంగా హెపటైటిస్ బి కాదు. హెపటైటిస్‌లోనే ఏ (A) రకమో, ఇ (E) రకమో అయి ఉంటుంది. వీటి దారి నీళ్లు. 1955 చివర్లో యమునలోకి మురుగు చేరి ఢిల్లీలో ఒకేసారి సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చాయి. అది ఇ రకమని తర్వాత ఎప్పుడో తేలింది. ఇ రకం ఇంట్లో ఒక మనిషి నుంచి ఇంకొకరికి నేరుగా సోకడం అరుదు. అందరూ తాగింది ఒకే కుళాయి నీళ్లు కాబట్టి ఒకరి వెనక ఒకరు పడతారు. ఏ రకం మాత్రం చేతుల ద్వారా ఇంట్లో బాగానే పాకుతుంది. అదీ కళ్లు పచ్చబడకముందు వారం పదిరోజుల్లోనే ఎక్కువ. అందుకని ఒకరికి రాగానే ఇంటందరూ నీళ్లు కాచి తాగాలి, దొడ్డికి వెళ్లొచ్చాక, వంట ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడగాలి. గర్భిణి ఉన్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. నెలలు నిండుతున్న గర్భిణికి ఇ రకం సోకితే ప్రాణాపాయం, ఆమెను పసరు మందుకు కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పసరు అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. ఏ, ఇ రకాల కామెర్లు చాలామందిలో కొద్దివారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ తగ్గిన పేరు పసరుకు వస్తుంది. పసరుగా వాడే నేల ఉసిరిని శాస్త్రవేత్తలు తేలిగ్గా తీసిపారేయలేదు. మద్రాసు పరిశోధకులు సాక్షాత్తూ ఆ బ్లంబర్గ్‌తోనే కలిసి హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఇచ్చి చూశారు. 1988లో వచ్చిన ఆ ఫలితాలు ఆశ కలిగించాయి. తర్వాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఆశ నిలవలేదు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు పసరు మీద ఏళ్లు గడిపితే, ఆ ఏళ్లలో లివరు గట్టిపడిపోతుంది.

హెపటైటిస్ సి గురించి భయం ఇంకా తక్కువ చాలు. ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకడం అరుదు, ఎక్కువగా రక్తం రక్తంతో కలిసినప్పుడే వస్తుంది. దీనికి టీకా లేదు గానీ, ఎక్కువమందికి పన్నెండు వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. బి రకానికి అలా తుడిచిపెట్టే మందు ఇంకా రాలేదు, కానీ అదుపులో పెట్టే మాత్రలున్నాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ పరీక్షలూ మందులూ ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఉచితం. పాజిటివ్ అయిన ప్రతివారికీ మాత్రలు అక్కర్లేదు. "నువ్వు క్యారియర్‌వి, ఏమీ చేయనక్కర్లేదు" అన్న మాట విని ఇంటికొచ్చేయకండి. మాత్రలు లేకపోయినా ఆరునెలలకోసారి రక్తపరీక్ష, డాక్టరు చెప్పినప్పుడు కడుపు స్కానింగ్ తప్పనిసరి. ఇంట్లో ఎవరైనా లివర్ క్యాన్సర్‌తో పోయి ఉంటే ఆ సంగతి డాక్టరుకు మరవకుండా చెప్పండి, స్కానింగ్ ఎప్పటి నుంచి చేయాలన్నది దానిమీద కూడా ఆధారపడుతుంది.

పెళ్లి మాటకొస్తే, హెపటైటిస్ బి ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోవచ్చు, ఆరోగ్యమైన పిల్లల్ని కనవచ్చు. అవతలివాళ్లకు ముందే చెప్పాలి. వాళ్లు పరీక్ష చేయించుకుని, లేదని తేలితే టీకా వేయించుకోవాలి. ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరునెలలకు ఒకటి, మొత్తం మూడు. మూడోది పడిన నెలా రెండు నెలలకు రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో చూస్తారు. అంకె పదికి తగ్గకూడదు. తగ్గితే మళ్లీ మూడు డోసులు వేస్తారు. నిశ్చితార్థానికీ ముహూర్తానికీ మధ్య ఆ మాత్రం గడువు పెట్టుకోవడం పెద్దలకు కష్టమైన పని కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ ఉండి, తోబుట్టువులకు ఇంకా చెప్పి ఉండకపోతే, అత్తారింట్లో ఉన్న అక్కకు, మస్కట్‌లోనో డాలస్‌లోనో ఉన్న తమ్ముడికి ఈ రాత్రే ఫోన్ చేయండి. అమెరికాలో ఉన్నవాళ్లకు అడగడం ఇంకా సులువు, అక్కడ 2023 నుంచి పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతివారికీ జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయమని ప్రభుత్వ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అమ్మ బతికి ఉంటే అమ్మకు ముందు చేయించండి, ఆమె పిల్లలందరికీ, ఆ పిల్లల పిల్లలకూ చేయించండి. కాగితం, కలం దగ్గరుంటే పరీక్ష పేరు రాసుకోండి: హెచ్.బి.ఎస్.ఏజి. దానితో పాటు యాంటీ హెచ్.బి.ఎస్, యాంటీ హెచ్.బి.సి కూడా అడగండి. మొదటిది వైరస్ ఉందా లేదా చెబుతుంది. మిగతా రెండూ టీకా అవసరమా, లేక ఎప్పుడో వచ్చి దానంతటదే పోయిందా అన్నది చెబుతాయి.